టీఆర్‌ఎస్-80లో లెవెల్ 2 బేసిక్: 4కె యంత్రానికి ఎంత మేలు, 16కె యంత్రానికి ఎంత

పాత కంప్యూటర్ల ఎమ్యులేటర్లు (ఆ యంత్రాల్లాగే ప్రవర్తించే ప్రోగ్రాంలు) ఇప్పుడు బ్రౌజర్‌లోనే నడుస్తున్నాయి. బేసిక్ ఆనాటి తేలికైన ప్రోగ్రామింగ్ భాష. 2020లో మైక్రోసాఫ్ట్ జీడబ్ల్యూ బేసిక్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. 2025లో ఆల్టెయిర్ అనే కంప్యూటర్ బేసిక్ కోడ్, ఆ తర్వాత 6502 ప్రాసెసర్ కోసం రాసిన బేసిక్ కోడ్ కూడా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. దాంతో 1970ల నాటి బేసిక్‌లను స్వయంగా నడిపి చూసేవాళ్ళు పెరిగారు. వాళ్ళలో చాలామంది 1977 నాటి టీఆర్‌ఎస్-80 కంప్యూటర్ దగ్గర తికమకపడతారు. కంప్యూటర్ ఒకటే, తెర ఒకటే, కీబోర్డు ఒకటే. ఒక ఎమ్యులేటర్‌లో ఆన్ చేయగానే ‘రెడీ’ అని వస్తుంది. మరోదాంట్లో ‘మెమరీ సైజ్?’ అని అడిగి ఆగిపోతుంది. ఒకదాంట్లో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇంకోదాంట్లో మొదటి లైనులోనే తప్పు చూపిస్తుంది. కారణం, ఆ యంత్రంలో వేర్వేరు కాలాల్లో రెండు వేర్వేరు బేసిక్‌లు ఉండేవి: లెవెల్ 1, లెవెల్ 2.

క్లుప్తంగా

లెవెల్ 2 మైక్రోసాఫ్ట్ రాసిన 12కె (12 కిలోబైట్ల) బేసిక్. అది 4కె లెవెల్ 1 స్థానంలో 1978లో వచ్చింది. స్ట్రింగులు (అక్షరాల వరసలు), మూడు రకాల సంఖ్యలు, లైను దిద్దుకునే సదుపాయం, మెషిన్ కోడ్‌తో (ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే ఆదేశాలతో) సంబంధం, డిస్కుకు దారి, ఇవన్నీ దానితోనే వచ్చాయి. అయితే ఈ సదుపాయాలన్నీ ర్యామ్‌ను, అంటే రాసి చెరిపే మెమరీని అడుగుతాయి. 4కె ర్యామ్ ఉన్న యంత్రంలో లెవెల్ 2 పెట్టినవారికి లాభం తక్కువ, కొన్నిచోట్ల నష్టం కూడా. 16కె ర్యామ్ తోడైతే మాత్రం అది దాదాపు కొత్త కంప్యూటర్ కొన్నంత పని.

లక్షా యాభై వేల జీతం దగ్గర ఆగిన ప్రోగ్రాం

లెవెల్ 1 ఎందుకు అలా ఉందో తెలిస్తే లెవెల్ 2 ఏం మార్చిందో తేలిగ్గా అర్థమవుతుంది. టీఆర్‌ఎస్-80ని టాండీ సంస్థ తన రేడియో షాక్ దుకాణాల్లో అమ్మడానికి తయారుచేసింది. హార్డ్‌వేర్ రూపకర్త స్టీవ్ లీనింగర్. 1977 ఫిబ్రవరిలో నమూనా యంత్రాన్ని సంస్థ అధిపతి చార్లెస్ టాండీకి చూపించారు. ఆదాయపు పన్ను లెక్కకట్టే చిన్న ప్రోగ్రాం అందులో నడుస్తోంది. టాండీ తన జీతం 1,50,000 డాలర్లని టైప్ చేశాడు. ప్రోగ్రాం ఆగిపోయింది. అప్పటికి అందులో ఉన్నది టైనీ బేసిక్, అంటే పూర్ణాంకాలు మాత్రమే తెలిసిన బేసిక్. రెండు బైట్లలో పట్టే సంఖ్య 32,767 దాటదు.

ఆ తర్వాత దశాంశ సంఖ్యలతో లెక్కలు చేసే శక్తిని చేర్చారు. లీ-చెన్ వాంగ్ రాసిన పాలో ఆల్టో టైనీ బేసిక్ పునాదిగా, 4కె రోమ్‌లో పట్టేటట్టు లీనింగర్ తయారుచేసిందే లెవెల్ 1. (ఇక్కడ రోమ్ అంటే చెరగని, చదవడానికే ఉండే చిప్పు. రాసి చెరిపే మెమరీని ఈ వ్యాసంలో ర్యామ్ అంటున్నాం. ఉచ్చారణ దగ్గరగా ఉండటంతో రెండూ కలిసిపోతుంటాయి కాబట్టి ఇకపై మొదటిదాన్ని ‘రోమ్ చిప్పు’ అనే అందాం.)

1977 ఆగస్టు 3న న్యూయార్క్‌లో యంత్రాన్ని ప్రకటించారు. మానిటర్, క్యాసెట్ రికార్డర్‌తో కలిపి ధర 599.95 డాలర్లు. జడ్-80 ప్రాసెసర్, 1.77 మెగాహెర్ట్జ్ వేగం, 4కె ర్యామ్. అమ్ముడుపోకపోతే దుకాణాల్లో సరుకు లెక్కలకైనా పనికొస్తాయని, రేడియో షాక్ దుకాణాలు ఎన్ని ఉన్నాయో అన్నే, అంటే 3,500 యంత్రాలు తయారుచేయాలనుకున్నారు. మొదటి నెలన్నరలోనే 10,000 అమ్ముడుపోయాయి.

లెవెల్ 1 ఏం చేయగలదు, ఏం చేయలేదు

లెవెల్ 1లో వేరియబుల్స్ (విలువలు దాచుకునే గడుల) పేర్లు ఎ నుంచి జడ్ దాకా 26 అక్షరాలే. అరే (ఒకే పేరు కింద ఉండే విలువల వరస) ఒక్కటే. స్ట్రింగ్ వేరియబుల్స్ రెండే, ఒక్కోదానిలో 16 అక్షరాలు పడతాయి. వాటిని పోల్చడానికి గానీ, ముక్కలు చేయడానికి గానీ వీల్లేదు. ‘పేరు టైప్ చేస్తే నమస్కారం చెప్పే’ ప్రోగ్రాం రాయవచ్చు. పేర్లను అక్షర క్రమంలో అమర్చే ప్రోగ్రాం రాయలేరు.

వర్గమూలం, సైన్, లాగరిథమ్ వంటివి అసలు లేవు. వాటికి బదులు మాన్యువల్ చివర సబ్‌రూటీన్లు (ప్రోగ్రాంలో చేర్చుకునే చిన్న ముక్కలు) అచ్చువేశారు, కావలసినవాళ్ళు టైప్ చేసుకోవాలి. అలా టైప్ చేసిన ప్రతి సబ్‌రూటీన్ ఆ 4కె ర్యామ్‌లోంచే చోటు తింటుంది. ‘లేదా’, ‘మరియు’ అని చెప్పడానికి కూడా మాటలు లేవు. కూడిక గుర్తును ‘లేదా’గా, గుణకార గుర్తును ‘మరియు’గా వాడుకోవాలి.

ఇన్ని లోట్లున్నా లెవెల్ 1ని తీసిపారేయలేం. కంప్యూటర్ ముఖం ఎప్పుడూ చూడని మనిషి దుకాణంలోంచి పెట్టె ఇంటికి తెచ్చుకుని, ఆ సాయంత్రానికే తన మొదటి ప్రోగ్రాం నడిపేవాడు. దాని మాన్యువల్ కూడా ఓపిగ్గా పాఠం చెప్పే తీరులో ఉంటుంది. 4 కిలోబైట్లలో ఆ పని సాధించడం చిన్న విషయం కాదు.

మార్చింది ఏమిటి

లెవెల్ 2కి పునాది మైక్రోసాఫ్ట్ 1975లో ఆల్టెయిర్ కోసం రాసిన బేసిక్. అది ఈ యంత్రంలోకి వచ్చేసరికి 12కె రోమ్ చిప్పుల్లో కూర్చుంది, అంటే లెవెల్ 1కి మూడింతలు. పాత యంత్రం ఉన్నవాళ్ళు దాన్ని రేడియో షాక్‌కు ఇచ్చి, దాదాపు 100 డాలర్ల ఖర్చుతో చిప్పులు మార్పించుకునేవారు. 600 డాలర్ల యంత్రానికి అది ఆరో వంతు ఖర్చు. కొనేవాళ్ళు ఆలోచించదగ్గ మొత్తమే.

ఇచ్చే సదుపాయాల జాబితా పెద్దది. 255 అక్షరాల వరకు పట్టే స్ట్రింగులు, వాటిని కోసి అతికే ఫంక్షన్లు, కావలసినన్ని అరేలు, ఇఫ్-దెన్‌కు తోడు ఎల్స్, డబ్బు లెక్కను నిలువు వరుసలో చక్కగా అచ్చువేసే ప్రింట్ యూజింగ్, ఏ లైను నడుస్తోందో తెర మీద చూపే ట్రాన్, తప్పు జరిగితే ప్రోగ్రాం ఆగకుండా పట్టుకునే ఆన్ ఎర్రర్ గోటు, ప్రింటర్‌కు పంపే ఎల్‌ప్రింట్. మెమరీలోని బైటును నేరుగా చదివే పీక్, రాసే పోక్ వచ్చాయి కాబట్టి తెర మెమరీలోకి నేరుగా రాయవచ్చు. తెర మొదటి గడి చిరునామా 15360.

వేరియబుల్ పేర్ల విషయంలో ఒక చిన్న ఉచ్చు ఉంది. పేరు ఎంత పొడుగైనా రాయవచ్చు, మొదటి రెండు అక్షరాలనే యంత్రం పట్టించుకుంటుంది. పైగా పేరు మధ్యలో బేసిక్ మాట దాగి ఉంటే తప్పు వస్తుంది. ‘టోటల్’ అనే ఇంగ్లిష్ మాటలో మొదటి రెండు అక్షరాలు ‘టు’, అది ఫర్ లూపులో వాడే మాట. ‘స్కోర్’లో ‘లేదా’ అని అర్థమిచ్చే ‘ఆర్’ ఉంది. రెండూ చెల్లవు. అర్థవంతమైన పేర్లు పెట్టుకుందామని ఆశపడ్డవాళ్ళు చివరికి రెండక్షరాల పేర్ల దగ్గరికే వచ్చేవారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల్లో కంప్యూటర్ సెంటర్లకు వెళ్ళి జీడబ్ల్యూ బేసిక్ నేర్చుకున్నవాళ్ళకు వీటిలో చాలా మాటలు పరిచయమే. ట్రాన్, ట్రాఫ్, ఆటో, ఎడిట్, పేరు చివర పెట్టే %, !, #, $ గుర్తులు, అన్నీ ఒకే కుటుంబానివి. వాళ్ళు లెవెల్ 2 ముందు కూర్చుంటే అరగంటలో అలవాటు పడతారు.

అసలు పరీక్ష: మెమరీ లెక్క

అప్‌గ్రేడ్‌ను ఆదేశాల జాబితాతో కొలిస్తే లెవెల్ 2దే పైచేయి, చర్చ అక్కడితో అయిపోతుంది. కానీ 1978లో యంత్రం ఉన్నవారి చేతిలో ఉన్నది 4,096 బైట్ల ర్యామ్. ఆ లెక్క వేసి చూస్తే బొమ్మ మారుతుంది.

ఆన్ చేయగానే ఖాళీ మెమరీ ఎంత అని అడిగితే 4కె లెవెల్ 1 యంత్రం 3,583 అని చెబుతుంది. అదే యంత్రంలో లెవెల్ 2 పెడితే 3,284. అంటే ఒక్క అక్షరం టైప్ చేయకముందే 299 బైట్లు పోయాయి. లెవెల్ 2 తన సొంత పనుల కోసం 812 బైట్లు పక్కన పెట్టుకుంటుంది. 16కె యంత్రంలో కూడా ఆ 812 బైట్లే పోయి 15,572 మిగులుతాయి. 4కె లో అది అయిదో వంతు, 16కె లో ఇరవయ్యో వంతు. ఖర్చు ఒకటే, భరించే శక్తిలోనే తేడా.

ప్రోగ్రాంను దాచే పద్ధతి కూడా మారింది. లెవెల్ 1లో టైప్ చేసిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే మెమరీలో కూర్చుంటాయి. ‘ప్రింట్’ అనే మాట ఇంగ్లిష్‌లో 5 అక్షరాలు కాబట్టి 5 బైట్లు. అందుకే పొట్టి రూపాలు ఇచ్చారు: ‘పి’ రాసి చుక్క పెడితే ప్రింట్, ‘జి’ రాసి చుక్క పెడితే గోటు. అప్పుడు 2 బైట్లే. లెవెల్ 2లో ప్రతి ఆదేశం లోపల ఒకే బైటు గుర్తుగా మారుతుంది. ప్రింట్‌కు 178 అనే ఒక్క సంఖ్య. దీన్ని టోకెన్ అంటారు. ఇందులో రెండు లాభాలు. చోటు మిగులుతుంది. నడిపేటప్పుడు అక్షరం అక్షరం చదివి మాటను పోల్చుకునే పని తప్పుతుంది.

అయితే ప్రతి లైనుకూ అదనంగా పడే బరువు వేరు. టైనీ బేసిక్ పద్ధతిలో లైను నంబరుకు 2 బైట్లు, చివర గుర్తుకు 1, మొత్తం 3. లెవెల్ 2లో తర్వాతి లైను ఎక్కడుందో చెప్పే చిరునామాకు 2, నంబరుకు 2, చివర సున్నాకు 1, మొత్తం 5. ‘ఎ విలువను ప్రింట్ చేయి’ అనే చిన్న లైను తీసుకుందాం. లెవెల్ 1లో పొట్టి రూపంలో ఖాళీలు లేకుండా రాస్తే 6 బైట్లు. లెవెల్ 2లో అంతే పొదుపుగా రాసినా 7. అంటే పొదుపుగా రాసే అలవాటున్న లెవెల్ 1 వాడకందారుకు టోకెన్ల వల్ల కలిసొచ్చేది లేదు. లైనుకు రెండు ఆదేశాలుంటే లాభనష్టాలు సమానమవుతాయి. మూడు నాలుగు ఉంటేనే మిగులు. పూర్తి మాటలు రాసేవాళ్ళకు మాత్రం లాభం స్పష్టంగా కనిపిస్తుంది.

వేరియబుల్స్ సంగతీ అంతే. లెవెల్ 1లో ఆ 26 అక్షరాలకు చోటు ముందే కేటాయించి ఉంటుంది. లెవెల్ 2లో ఏ వేరియబుల్ వాడితే దానికి అప్పటికప్పుడు చోటు పుడుతుంది: పూర్ణాంకానికి 5 బైట్లు, మామూలు దశాంశ సంఖ్యకు 7, ఎక్కువ అంకెలు పట్టే డబుల్ ప్రెసిషన్ సంఖ్యకు 11, స్ట్రింగుకు దాని అక్షరాలు కాకుండా 6. వాడనిదానికి ఖర్చు లేదు, వాడినదానికి ఎక్కువ. అరేల్లో మాత్రం లెవెల్ 2 నిజంగా ఆదా చేయగలదు. వంద పూర్ణాంకాల అరే 200 బైట్ల చిల్లరలో సర్దుకుంటుంది. లెవెల్ 1లో పూర్ణాంకమైనా, దశాంశమైనా ఒక్కోదానికి 4 బైట్లు, అంటే 400.

ఇవన్నీ కలిపి చూస్తే, 4కె యంత్రంలో లెవెల్ 2 పెట్టినవారికి పెద్ద ప్రోగ్రాంలు రాసే వీలు పెరగలేదు. చిన్న ప్రోగ్రాంలను మెరుగ్గా రాసే వీలు వచ్చింది.

డబ్బు లెక్కలు ఎక్కడ తేడా కొట్టేవి

టాండీ జీతం సమస్య లెవెల్ 1తో పూర్తిగా తీరలేదు. ఆ బేసిక్ దశాంశాలు లెక్కపెడుతుంది, కానీ 6 అంకెలే అచ్చువేస్తుంది. 1,234.56 డాలర్లు సరిగ్గానే కనిపిస్తాయి. 12,345.67 అయితే 12345.7 అవుతుంది. చివరి సెంట్లు మాయం. ఇంటి ఖర్చులకు ఫర్వాలేదు. చిన్న దుకాణం జమాఖర్చుకు పనికిరాదు, ఎందుకంటే నెలాఖరు మొత్తంలో పదివేలు దాటడం మామూలు విషయం.

లెవెల్ 2లో పేరు చివర # పెడితే 16 అంకెల దాకా సరైన విలువ నిలుస్తుంది. వ్యాపారులకు ఈ ఒక్క సదుపాయం కోసమైనా అప్‌గ్రేడ్ తప్పనిసరి. అయితే దానికీ ధర ఉంది: వంద మొత్తాలను డబుల్ ప్రెసిషన్ అరేలో పెడితే 800 బైట్లు దాటుతుంది. 3,284 బైట్ల యంత్రంలో అది నాలుగో వంతు. అంటే డబ్బు లెక్క సరిగ్గా చేయగల భాష చేతికి వచ్చింది, ఆ లెక్కలు దాచుకునే చోటు మాత్రం రాలేదు.

శాస్త్రీయ లెక్కలు చేసేవారు గమనించాల్సిన సంగతి ఇంకోటి. సైన్, లాగ్, వర్గమూలం వంటి ఫంక్షన్లు లెవెల్ 2లో ఉన్నాయి, కానీ వాటి ఫలితం మామూలు ప్రెసిషన్‌లోనే వస్తుంది. డబుల్ ప్రెసిషన్ వేరియబుల్‌లో దాన్ని పెడితే 16 అంకెలు కనిపిస్తాయి, మొదటి ఆరేడు అంకెలే నమ్మదగ్గవి. మిగతావి చూసి ఫలితం అంత ఖచ్చితమని అనుకుంటే పొరపాటే.

స్ట్రింగులు, ఉన్నట్టుండి ఆగిపోయే యంత్రం

లెవెల్ 2 స్ట్రింగులకు మొదట్లో 50 బైట్ల చోటే కేటాయిస్తుంది. ఎక్కువ కావాలంటే క్లియర్ ఆదేశంతో అడగాలి. ఇది తెలియనివారికి నాలుగు పేర్లు కలపగానే చోటు చాలలేదని తప్పు వస్తుంది.

లోపల జరిగేది ఇది. ఒక స్ట్రింగుకు ఇంకో అక్షరం కలిపితే పాతదాన్ని పొడిగించదు. కొత్త చోట పూర్తిగా కొత్త నకలు రాసి, పాతదాన్ని అలాగే వదిలేస్తుంది. కొంతసేపటికి కేటాయించిన చోటంతా ఇలాంటి పనికిరాని నకళ్ళతో నిండిపోతుంది. అప్పుడు బేసిక్ చెత్త ఎత్తే పనిలో దిగుతుంది. వాడుకలో ఉన్న స్ట్రింగుల్లో అన్నిటికన్నా పైన ఉన్నది ఏదో వెతికి, దాన్ని జరిపి, మళ్ళీ మొదటినుంచీ అన్నిటినీ వెతికి తర్వాతిదాన్ని జరుపుతుంది. ఎన్ని స్ట్రింగులుంటే అన్ని చుట్లు. స్ట్రింగులు రెట్టింపైతే పట్టే సమయం నాలుగు రెట్లవుతుంది.

16కె యంత్రంలో వందల పేర్లతో అడ్రస్ పుస్తకం లాంటి ప్రోగ్రాం నడిపేటప్పుడు యంత్రం ఉన్నట్టుండి మొద్దుబారినట్టు ఆగేది. కీ నొక్కినా పలకదు. యంత్రం చెడిపోయిందని ఆఫ్ చేసి, టైప్ చేసినదంతా పోగొట్టుకోవడం దీని దుష్ఫలితం. కాసేపు ఓపిక పడితే అదే కదిలేది. మైక్రోసాఫ్ట్ బేసిక్ ఉన్న ఆనాటి యంత్రాల్లో ఇది ఉమ్మడి బలహీనత. లెవెల్ 1లో ఈ సమస్య లేదు, ఎందుకంటే అక్కడ స్ట్రింగులే రెండు.

తప్పు చెప్పే తీరు

అప్‌గ్రేడ్‌లో పోగొట్టుకున్నది ఏదైనా ఉందంటే ఇక్కడ ఉంది. లెవెల్ 1 మూడే మాటలు మాట్లాడుతుంది. మాట అర్థం కాకపోతే ‘వాట్?’. అర్థమైనా చేయలేకపోతే, ఉదాహరణకు సున్నాతో భాగించమన్నా, లేని లైనుకు వెళ్ళమన్నా ‘హౌ?’. మెమరీ అయిపోతే ‘సారీ’. వాటితో పాటు తప్పున్న లైనును చూపి, ఎక్కడ చిక్కుకుందో అక్కడ ప్రశ్నార్థకం పెడుతుంది. కొత్తవారికి వేలుపెట్టి చూపించినట్టు ఉంటుంది.

లెవెల్ 2 ఆ చోట ‘ఎస్‌ఎన్ ఎర్రర్’ వంటి రెండక్షరాల కోడ్ ఇస్తుంది. తప్పుల రకాలు ఎక్కువ కాబట్టి తెలిసినవారికి సమాచారం ఎక్కువే. తెలియనివారు మాన్యువల్ వెనక పట్టిక చూడాలి. లైనులో ఎక్కడ తప్పుందో వేలుపెట్టి చూపదు.

దానికి బదులు ఇచ్చింది ఎడిటర్. లెవెల్ 1లో ఒక అక్షరం తప్పైనా లైనంతా మళ్ళీ టైప్ చేయాలి. లెవెల్ 2లో ఎడిట్ ఆదేశంతో ఆ ఒక్క అక్షరాన్నే మార్చవచ్చు. నడుస్తుండగా వాక్య నిర్మాణంలో తప్పు దొరికితే యంత్రమే ఆ లైనును ఎడిట్ స్థితిలో తెరిచి పెడుతుంది. ఇక్కడ కొత్తవారికి తెలియని చిక్కు ఒకటుంది: ఆ స్థితిలో లైను మార్చి ఎంటర్ నొక్కితే వేరియబుల్స్ విలువలన్నీ చెరిగిపోతాయి. తప్పుకు కారణం వెతకాలంటే ముందు ‘క్యూ’ నొక్కి ఏమీ మార్చకుండా బయటికొచ్చి, విలువలు చూసుకోవాలి. రోజూ ప్రోగ్రాంలు రాసేవారికి ఎడిటర్ వల్ల మిగిలే సమయం చాలా ఎక్కువ. నేర్చుకునే మొదటి వారంలో ఉన్నవారికి మాత్రం లెవెల్ 1 మూడు మాటలే దయగలవి.

మొదట్లో వచ్చిన లెవెల్ 2 యంత్రాల్లో కీబోర్డు చిక్కు కూడా ఎదురైంది. ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది. కీ కింద లోహపు ముక్కలు తగిలేటప్పుడు క్షణకాలం అదురుతాయి. ఆ అదురును మరో నొక్కుగా లెక్కపెట్టకుండా ఆగే ఏర్పాటు ప్రోగ్రాంలో ఉండాలి. మొదటి లెవెల్ 2 చిప్పుల్లో అది లేదు. టాండీ దానికి మందుగా ఒక క్యాసెట్ ఇచ్చింది, తర్వాతి చిప్పుల్లో సరిచేసింది.

క్యాసెట్ దగ్గర తెగిన సంబంధం

లెవెల్ 1 క్యాసెట్ మీదికి సెకనుకు 250 బిట్ల వేగంతో రాస్తుంది, లెవెల్ 2 రెట్టింపు వేగంతో, 500 బిట్లతో. 4కె యంత్రం నిండుగా ఉన్న ప్రోగ్రాంను చదవడానికి లెవెల్ 1కి దాదాపు రెండు నిమిషాలు పడితే, లెవెల్ 2కి నిమిషం లోపే. 16కె నిండా ఉన్న ప్రోగ్రాంకైతే ఆ వేగంలో కూడా నాలుగు నిమిషాలు దాటుతుంది. పాత వేగమే ఉంచి ఉంటే ఎనిమిది నిమిషాలు పట్టేది. కాబట్టి వేగం పెంచడం సరైన నిర్ణయమే.

కానీ వేగం పెరిగిందంటే టేపు మీద ఒక బిట్టుకు దొరికే సమయం 4 మిల్లీసెకన్ల నుంచి 2కు తగ్గిందని అర్థం. మామూలు పాటల రికార్డర్‌తో ఆ దగ్గర దగ్గర చప్పుళ్ళను విడిగా గుర్తించడం కష్టం. వాల్యూమ్ కాస్త అటూ ఇటూ అయితే ప్రోగ్రాం ఎక్కదు. తెర మూలన రెండు నక్షత్రాలు కనిపించి, కుడివైపుది మిణుకుతుంటే చదువుతోందని లెక్క. అది ఆగితే మళ్ళీ మొదటినుంచీ. ఈ టెన్షన్ తగ్గించడానికి సంస్థ తర్వాత యంత్రం లోపల చిన్న సర్క్యూట్ మార్పును ఉచితంగా చేసిచ్చింది. రికార్డు సరిగ్గా అయిందో లేదో మెమరీతో పోల్చి చూసే ఆదేశం లెవెల్ 2లో ఉండటం మాత్రం మేలే. లెవెల్ 1లో అది లేదు.

రెండు వేగాలు, రెండు దాచే పద్ధతులు కాబట్టి పాత క్యాసెట్లు కొత్త బేసిక్‌లో నేరుగా ఎక్కవు. టాండీ మార్పిడి ప్రోగ్రాం ఒకటి ఇచ్చింది. అది అక్షరాలను టోకెన్లుగా మార్చగలదు. ప్రోగ్రాం రాసినవారి ఆలోచనను మార్చలేదు. కూడికను ‘లేదా’గా వాడిన చోట్ల, తెర మీద స్థానం చెప్పే ప్రింట్ ఆదేశం రూపు మారిన చోట్ల చూసి సరిదిద్దుకోవాల్సి ఉండేది.

పక్క యంత్రాల్లో ఇదే కథ

ఇలాంటి మార్పు టాండీ ఒక్కదానిదే కాదు. 1977లోనే వచ్చిన యాపిల్ 2లో స్టీవ్ వోజ్నియాక్ రాసిన ఇంటిజర్ బేసిక్ ఉండేది. దశాంశాలు లేవు, కానీ ఆటలకు చాలినంత వేగం. దాని తర్వాత మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్న యాపిల్‌సాఫ్ట్ వచ్చింది. 1979లో యాపిల్ 2 ప్లస్‌లో అది చిప్పుల్లోకి చేరింది. తేడా ఏమిటంటే, యాపిల్ వాడకందారులు కార్డు ఒకటి పెట్టుకుంటే రెండు బేసిక్‌లూ ఉంచుకోవచ్చు. డిస్కులో ప్రోగ్రాం పక్కన ఏ బేసిక్‌దో చెప్పే అక్షరం కనిపిస్తుంది, నడపమంటే తగినదానికి యంత్రమే మారుతుంది. టీఆర్‌ఎస్-80లో చిప్పులు మార్చిన రోజున లెవెల్ 1 ఆ యంత్రంలోంచి పూర్తిగా వెళ్ళిపోయింది.

ఇంకో పోలికలో టాండీ ముందుంది. యాపిల్‌సాఫ్ట్‌లో % గుర్తున్న పూర్ణాంకాన్ని కూడా లెక్క వేసేముందు దశాంశంగా మారుస్తుంది, అందువల్ల వేగం పెరగదు. లెవెల్ 2 పూర్ణాంకాలను పూర్ణాంకాలుగానే లెక్కిస్తుంది. 1.77 మెగాహెర్ట్జ్ యంత్రంలో లూపు లెక్కలకు % పెట్టడం తేలికైన, ఫలితం కనిపించే చిట్కా. కమడోర్ పెట్ మొదటినుంచీ మైక్రోసాఫ్ట్ బేసిక్‌తోనే వచ్చింది. అక్కడ చిప్పుల అప్‌గ్రేడ్ ముఖ్యంగా లోపాలు దిద్దడానికి: మొదటి చిప్పుల్లో అరేకు 256 విలువల హద్దు ఉండేది.

ఎవరికి తప్పనిసరి, ఎవరికి కాదు

బేసిక్ నేర్చుకోవడానికే యంత్రం కొన్న పిల్లలకు, 4కె దాటే ఆలోచన లేని ఇళ్ళకు 1978లో లెవెల్ 2 తొందరపడి కొనాల్సిన వస్తువు కాదు. చేతిలో డబ్బు ఒకదానికే చాలుతుంటే పద్దు ఎలా వేసుకోవాలన్నది కష్టమైన ప్రశ్న, ఎందుకంటే 16కె ర్యామ్ ఒక్కటే వేసినా లెవెల్ 1లో ఒక్క అరే, రెండు స్ట్రింగులే ఉంటాయి. చోటు పెరిగినా దాన్ని నింపే భాష లేదు. లెవెల్ 2 ఒక్కటే వేస్తే భాష ఉంటుంది, చోటు ఉండదు. రెండూ కలిపి వేయించగలిగే దాకా ఆగడమే మంచి ఎంపిక అయ్యేది.

ప్రింటర్, డిస్క్ డ్రైవ్ వైపు వెళ్ళేవారికి మాత్రం వేరే దారి లేదు. వాటిని యంత్రానికి కలిపే విస్తరణ పెట్టె, డిస్కులు లెవెల్ 2తోనే పనిచేస్తాయి. ఇక్కడ మైక్రోసాఫ్ట్ చేసిన ఏర్పాటు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చిప్పులో రాసింది మార్చలేం. అందుకే డిస్కుకు సంబంధించిన ఆదేశాలు వచ్చినప్పుడు చిప్పులోని బేసిక్ ర్యామ్‌లోని కొన్ని స్థానాలకు వెళ్ళి అక్కడ ఏముంటే అది చేసేలా పెట్టారు. డిస్క్ లేని యంత్రంలో ఆ స్థానాలు ‘ఎల్3 ఎర్రర్’ అని మాత్రమే చెబుతాయి. డిస్క్ బేసిక్ ఎక్కగానే ఆ స్థానాల్లో తన చిరునామాలు రాసుకుంటుంది, అదే ఆదేశం పనిచేయడం మొదలవుతుంది. ఒక్క చిప్పు మార్చకుండా భాష పెరుగుతుంది. ఆదేశాల జాబితాలో కనిపించని ఈ ఏర్పాటే లెవెల్ 2కి ఎక్కువ కాలం ఆయుష్షు పోసింది.

1980లో వచ్చిన మోడల్ 3లో కూడా అన్నిటికన్నా చౌక రకం 4కె ర్యామ్, లెవెల్ 1 బేసిక్‌తోనే అమ్మారు. దాని పై రకాల్లో క్యాసెట్ వేగం 1500 బిట్లకు పెరిగింది. ఈసారి మాత్రం పాత టేపులున్నవారిని వదిలేయలేదు. ఆన్ చేయగానే యంత్రం మెమరీ సంగతి అడిగేముందు ‘క్యాస్?’ అని అడుగుతుంది. ‘ఎల్’ నొక్కితే పాత 500 వేగంలోనే చదువుతుంది.